ఇజ్మీర్‌లో ఓడ ఆగిన రోజు: గేటు దాటింది మొదలు తిరిగి ఎక్కేవరకు

విహారయాత్ర ఓడ (క్రూయిజ్) పొద్దున 8 గంటలకు ఆగుతుంది, సాయంత్రం 5కో 6కో బయలుదేరుతుంది. ఆ మధ్య టర్కీ రేవు పట్టణం ఇజ్మీర్‌లో ఏం చూడాలని చాలామంది అడుగుతున్నారు. ఏం చూడాలన్నది చిన్న ప్రశ్న. ఏ వరుసలో చూడాలన్నదే అసలు ప్రశ్న.

ఊరి పొందిక ఇలా ఉంటుంది. ఓడలు ఆగే అల్సంజక్ రేవు ఉత్తరం కొసన ఉంది. సముద్రం ఒడ్డునే దక్షిణంగా 3 కిలోమీటర్లు వెళ్తే ఊరి నడిబొడ్డు కొనాక్ కూడలి వస్తుంది. మరో కిలోమీటరు దాటాక కరాతాష్ పేట. చూడవలసినవన్నీ ఈ గీత మీదో, దాని పక్కనో ఉన్నాయి.

అందుకే పద్ధతి ఒక్కటే. పొద్దున్నే బండెక్కి ఆ చివరికంటా వెళ్లిపోవాలి. అక్కడి నుంచి రోజంతా ఓడ వైపు వెనక్కి రావాలి. అలసట పెరిగేకొద్దీ ఓడ దగ్గరవుతుంటుంది. ఎక్కువమంది దీన్ని తిరగేస్తారు. గేటు దాటగానే కనిపించిన కాఫీ హోటల్లో కూర్చుని, తాపీగా ఒడ్డున నడిచి, ఎండ ముదిరాక బజారు చేరతారు. మూడు గంటలకు గుండె దడతో టాక్సీ వెతుక్కుంటారు.

## 1. ముందుగా తేల్చుకోండి: ఎఫెసస్‌కా, ఊళ్లోకా?

పురాతన నగరం ఎఫెసస్ శిథిలాలు సెల్చుక్ ఊరి దగ్గర ఉన్నాయి. ఇజ్మీర్ నుంచి దాదాపు 80 కిలోమీటర్లు. రోడ్డు మీద వెళ్లడానికి గంటకు పైగా, రావడానికి అంతే. లోపల తీరిగ్గా చూడాలంటే రెండున్నర గంటలు. దిగడం, గుంపు కూడడం, టికెట్లు, భోజనం కలిపితే రోజు మొత్తం అక్కడికే సరిపోతుంది. ఎఫెసస్, ఇజ్మీర్ రెండూ ఒకే రోజు చూపిస్తామనే యాత్రలో రెండోది బస్సు కిటికీలోంచి చూడటమే అవుతుంది.

నిర్ణయానికి ముందు మీ ఓడ ఆగే రేవుల జాబితా చూడండి. అందులో కుషాదసి ఉంటే ఎఫెసస్‌ను ఆ రోజుకు వదిలేయండి. అక్కడి నుంచి 20 కిలోమీటర్లే. ఇజ్మీర్ రోజును ఇజ్మీర్‌కే ఇవ్వండి.

కుషాదసి లేకపోతే, జీవితంలో ఒక్కసారైనా ఎఫెసస్ చూడాలనుకుంటే, ఓడ వాళ్లు నడిపే యాత్రలోనే వెళ్లండి. వాళ్ల బస్సు ఆలస్యమైతే సాధారణంగా ఓడ ఆగుతుంది. సొంతంగా వెళ్లినవారి కోసం ఆగదు. సబర్బన్ రైల్లో, మధ్యలో బండి మారి, సెల్చుక్ చేరవచ్చు. కానీ ఓడ రోజున ఆ సాహసం వద్దు.

ఇక్కడి నుంచి చెప్పేదంతా ఊళ్లో గడిపే రోజు గురించే.

## 2. నెల ముందు: వీసా

మనవాళ్లు ఎక్కువగా ఇబ్బంది పడేది ఇక్కడే. అందుకే కాస్త విడమరచి చెబుతాను.

మీది భారత పాస్‌పోర్టు అయితే టర్కీకి వీసా కావాలి. చెల్లుబాటులో ఉన్న షెంగెన్ (యూరప్‌లోని చాలా దేశాలకు ఉమ్మడి), అమెరికా, బ్రిటన్ లేదా ఐర్లాండ్ వీసాగానీ నివాస అనుమతిగానీ ఉంటే టర్కీ ప్రభుత్వ సైటులో ఈ-వీసా తీసుకోవచ్చు. అమెరికా గ్రీన్ కార్డు ఉన్నవారికీ ఇదే దారి. అమెరికా పాస్‌పోర్టు ఉన్నవారికి పర్యటన కోసం వీసా అక్కర్లేదు.

ఓడలో వచ్చి 72 గంటల లోపు రేవు పట్టణం చూసి వెళ్లేవారిని వీసా లేకుండా దిగనిచ్చే వెసులుబాటు టర్కీ నిబంధనల్లో ఉంది. అయితే అది స్థానిక అధికారుల అనుమతికి లోబడిన సంగతి. ఓడ ఎక్కడమో దిగిపోవడమో టర్కీలోనే అయితే దాన్ని నమ్ముకోకూడదు. మీ పాస్‌పోర్టుకు ఏది వర్తిస్తుందో ఓడ సంస్థను ఈమెయిల్లో అడిగి, రాతపూర్వకంగా జవాబు తీసుకుని దాచుకోండి.

ఇంకో రెండు మెలికలు ఉన్నాయి.

- గ్రీసులో ఓడ ఎక్కి, టర్కీలో దిగి, మళ్లీ గ్రీసుకు వస్తే షెంగెన్ ప్రాంతాన్ని వదిలి తిరిగి ప్రవేశించినట్టే. ఒకే ప్రవేశానికి ఇచ్చిన షెంగెన్ వీసా చాలదు. దరఖాస్తులోనే బహుళ ప్రవేశం కోరండి, ఓడ దారి పట్టికను జత చేయండి.
- భారతీయులకు ఇచ్చే టర్కీ ఈ-వీసా ఒకే ప్రవేశానికి. ఓడ ఇస్తాంబుల్లో ఆగి, గ్రీకు దీవులు తిరిగి, మళ్లీ ఇజ్మీర్ వస్తుంటే రెండో దిగడం ఎలాగో ముందే అడగండి.

## 3. ముందు రోజు రాత్రి సంచి సర్దుకోవడం

- ఓడ గది కార్డు, పాస్‌పోర్టు నకలు. అసలు పాస్‌పోర్టు వెంట ఉండాలో లేదో ఆ రాత్రి ఓడ వాళ్లు ఇచ్చే కాగితంలో ఉంటుంది, చదవండి.
- వీసా కాగితం అచ్చు ప్రతి.
- అడుగు జారని, మెత్తటి బూట్లు. బజారులో రాళ్లు పరచిన దారులు నున్నగా అరిగి ఉంటాయి.
- మసీదు కోసం చున్నీ లేదా పెద్ద రుమాలు. మోకాళ్లు, భుజాలు కప్పే బట్టలు.
- టోపీ, నీళ్ల సీసా. జూలై, ఆగస్టు ఎండ మన కోస్తా మే నెలను తలపిస్తుంది.
- ఇంటర్నెట్ లేకుండా పనిచేసేలా ఫోనులో దించుకున్న ఊరి పటం.

ఆఖరిది తప్పనిసరి. గ్రీసు, ఇటలీల్లో పనిచేసిన యూరప్ సిమ్ టర్కీలో కూడా అదే ధరకు పనిచేస్తుందని అనుకోకండి. టర్కీ ఐరోపా సమాఖ్యలో లేదు. రోమింగ్ ఆపకుండా రేవులోకి అడుగుపెడితే బిల్లు బెదరగొడుతుంది.

## 4. గడియారం

టర్కీ ఏడాది పొడవునా ఒకే సమయం పాటిస్తుంది. గ్రీసు మాత్రం చలికాలంలో గడియారాన్ని గంట వెనక్కి తిప్పుతుంది. కాబట్టి వేసవిలో రెండు దేశాల సమయం ఒకటే. అక్టోబరు చివరి నుంచి మార్చి చివరి వరకు టర్కీ గంట ముందుంటుంది.

ప్రమాదం ఎక్కడంటే, ఫోనును విమానం మోడ్‌లో ఉంచినవారికి. ఓడ టర్కీ సమయానికి మారినా ఫోను గ్రీసు సమయమే చూపిస్తూ ఉండవచ్చు. అందులో 4 అని కనిపిస్తే బయట 5 అయిపోయి ఉంటుంది. మామూలు చేతి గడియారాన్ని ఓడలోని గడియారంతో సరిచేసి పెట్టుకోండి. రోజంతా దాన్నే చూడండి.

ఓడ కదిలే సమయం, చివరగా ఎక్కవలసిన సమయం వేర్వేరు. రెండోదాన్నే గుర్తుపెట్టుకోండి. దానికి గంట ముందు రేవు గేటు దగ్గర ఉండేలా మిగతా లెక్క వేసుకోండి.

## 5. గేటు బయట మొదటి పావుగంట

అల్సంజక్ సరకు ఓడల రేవు కూడా. క్రేన్లు, కంటైనర్ల మధ్య నడవనివ్వకపోతే గేటు దాకా రేవు వాళ్ల బస్సులోనే రావాలి. బయటికి రాగానే వెనక్కి తిరిగి గేటును ఫొటో తీసుకోండి. సాయంత్రం దారి అడగవలసి వస్తే ఆ ఫొటో చూపిస్తే చాలు.

గేటు దగ్గర టాక్సీ వాళ్లు, పర్యటన అట్టలు పట్టుకున్నవారు చుట్టుముడతారు. నవ్వి, చేయి గుండెల మీద పెట్టి, ముందుకు సాగండి. అక్కడ అది మర్యాదగా వద్దని చెప్పే పద్ధతి.

రేవుకు ఎదురుగానే, కొద్ది నడకలో, అల్సంజక్ పాత రైల్వే స్టేషన్. దాని బయటే ట్రామ్ ఆగే చోటు. ఇక్కడ ఇజ్మిరిమ్ కార్డు కొనుక్కోండి. ట్రామ్, మెట్రో, బస్సు, ఫెర్రీ అన్నిటికీ అదే కార్డు. టికెట్ ధరలు తరచూ మారుతుంటాయి కనుక పాత లెక్కలను నమ్మకండి. రోజుకు మూడు నాలుగు ప్రయాణాలకు సరిపడా వేయించుకుంటే చాలు.

చేతిలో కొంచెం టర్కీ లీరా ఉండాలి. రేవులోపల మార్చుకుంటే తక్కువ వస్తుంది. ఊళ్లో ఏటీఎమ్ వాడండి. మీ దేశపు కరెన్సీలో లెక్క కట్టమంటారా అని తెర మీద అడిగితే వద్దని, లీరాలోనే తీసుకోండి.

ట్రామ్ మీద ఫహ్రెత్తిన్ అల్తాయ్ అన్న పేరు ఉండాలి. అదే దక్షిణానికి వెళ్లేది.

## 6. చివరి నుంచి మొదలు: కరాతాష్‌లో అసాన్సోర్

కరాతాష్‌లో దిగి కొండ వైపు లోపలికి నడవండి. రెండు వరుసల పాత ఇళ్ల మధ్య చిన్న వీధి, దాని చివర ఎర్ర ఇటుకల గోపురం. అదే అసాన్సోర్. తెలుగులో చెప్పాలంటే లిఫ్టు. కింది వీధినీ కొండ మీది వీధినీ కలుపుతూ 1907లో కట్టారు. అంతకుముందు జనం 155 మెట్లు ఎక్కేవారు. మెట్లు ఇప్పటికీ పక్కనే ఉన్నాయి.

లిఫ్టులో ఎక్కి, పై వసారాలో అరగంట గడపండి. పొద్దుటి పూట సూర్యుడు వెనక ఉంటాడు కనుక అఖాతం మొత్తం తేటగా కనిపిస్తుంది. కుడివైపు చూపు సారిస్తే, ఒడ్డు వెంబడి చివర, మీ ఓడ ఉన్న రేవు వైపు తెలుస్తుంది. ఈ రోజు నడవవలసిన దారంతా అదే. పిల్లలకు అక్కడే చూపించి చెప్పండి, తర్వాత 'ఇంకా ఎంత దూరం' అనే ప్రశ్న తగ్గుతుంది. మోకాళ్లు బాగున్నవారు మెట్ల మీదుగా దిగవచ్చు. పెద్దవాళ్లను మాత్రం లిఫ్టులోనే దింపండి.

## 7. కొనాక్ కూడలి, అక్కడి నుంచి అగోరా

ట్రామ్‌లో వెనక్కి వచ్చి కొనాక్ ఇస్కెలె దగ్గర దిగండి. కూడలి మధ్యలో 25 మీటర్ల గడియార స్తంభం ఉంది. 1901 నాటిది. పక్కనే నీలి పలకలు పొదిగిన చిన్న అష్టభుజి మసీదు. ఇక్కడ పావుగంట చాలు.

ఒక పని మాత్రం మరిచిపోకండి. ఎవరైనా తప్పిపోతే ఈ గడియార స్తంభం కిందికే రావాలని ఇంటిల్లిపాదికీ చెప్పండి. బజారులో ఎవరిని అడిగినా 'సాత్ కులెసి' అంటే చేయి చాచి చూపిస్తారు.

నేరుగా బజారులోకి వెళ్లకండి. కూడలిలోనే మెట్రో ఎక్కి ఒక్క స్టేషన్ దాటి చాంకాయాలో దిగి, పది నిమిషాలు నడిస్తే పురాతన స్మిర్నా (ఇజ్మీర్ పాత పేరు) అగోరా, అంటే నాటి సంత కూడలి, వస్తుంది. నీడ తక్కువ. 11 గంటల లోపు చూసేయడం మేలు. సామాన్య శకం 178లో భూకంపానికి కూలిన కట్టడాలను రోమన్ చక్రవర్తి మార్కస్ అరేలియస్ సాయంతో మళ్లీ లేపారు. నేల మీది స్తంభాల దగ్గరే ఆగిపోకుండా కింది అంతస్తు కమానుల్లోకి దిగండి. చల్లగా ఉంటుంది, రాతి కాలువలో నీళ్లు ఇప్పటికీ పారుతుంటాయి. ఆ నీటి చప్పుడు వినడానికే టికెట్ పెట్టవచ్చు.

ముందు అగోరా ఎందుకంటే, ఇక్కడి నుంచి కిందికి దిగితే బజారు వెనక వైపు నుంచి లోపలికి వెళ్తారు. అక్కడి నుంచి ప్రతి అడుగూ సముద్రం వైపే.

## 8. కెమెరాల్తి బజారు

రోజులో ఎక్కువ సమయం దీనికే ఉంచండి. కనీసం రెండున్నర గంటలు.

ఆదివారం ఎక్కువ దుకాణాలు మూసి ఉంటాయి. మీ ఓడ ఆదివారం ఆగితే బజారు బదులు కొనాక్ నుంచి ఫెర్రీలో అవతలి ఒడ్డున ఉన్న కార్షియాకాకు వెళ్లండి. 20 నిమిషాల ప్రయాణం.

దారి. అగోరా నుంచి దిగుతుంటే ముందు హవ్రా వీధి వస్తుంది. చేపలు, ఆలివ్ కాయలు, ఊరగాయ జాడీలు. అక్కడి నుంచి అనఫర్తలార్ వీధి పట్టుకోండి. ఇది తిన్నగా ఉండదు. ఒకప్పటి లోపలి రేవు ఒడ్డు వెంబడి వంపు తిరుగుతుంది. ఆ రేవును పూడ్చాకే బజారు పెరిగింది. నాలుగు అడుగులు వేసేసరికి దిక్కు తెలియకపోవడానికి కారణం ఇదే. దారి తప్పితే కంగారు వద్దు. 'కొనాక్?' అని అడగండి, చాలు.

పిలుపుల విషయంలో మనకు ఇక్కడ పరాయితనం అనిపించదు. ముక్కూముఖం తెలియనివారినీ వాళ్లు 'అబి' అంటారు, అంటే అన్నా. 'అబ్లా' అంటే అక్కా. పెద్దావిడను 'తెయ్జె' అంటే మన పిన్నిగారే. దారి అడిగేటప్పుడు ముందు 'అబి' అనండి, చేతిలో పని ఆపి చెబుతారు. తల పైకెత్తి నాలుకతో చప్పరిస్తే మాత్రం 'లేదు' అని అర్థం. దాన్ని మన 'ఏమిటి' సైగగా పొరబడి మళ్లీ మళ్లీ అడగకండి.

హిసార్ మసీదు. 16వ శతాబ్దం చివరిది. నమాజు వేళ కాకుండా వెళ్లండి, శుక్రవారం మధ్యాహ్నం అసలే వద్దు. బూట్లు విప్పి చేతిలో పట్టుకుని లోపలికి వెళ్లాలి. మరుగుదొడ్డి అవసరమైతే మసీదుల పక్కన దొరుకుతుంది, చిల్లర ఉంచుకోండి. 'బాయ్' అంటే మగవారికి, 'బయాన్' అంటే ఆడవారికి. లోపల నీటి వసతి ఉంటుంది.

కిజ్లరాగసి హాన్. మసీదు పక్కనే, 1744 నాటి వర్తకుల సత్రం. నడిమి ముంగిట్లో కూర్చుని కప్పులోనే కాచే కాఫీ అడగండి. జెజ్వె అనే పిడి ఉన్న చిన్న గిన్నెలో కాకుండా పొడి, నీళ్లు, చక్కెర కప్పులోనే వేసి నిప్పు సెగ మీద పెడతారు. అంచు దాకా నురుగు లేచి, కప్పు బయటి వైపు మసి చారతో మీ ముందుకు వస్తుంది.

తాగే పద్ధతి ఇది. చక్కెర సంగతి ముందే చెప్పాలి, తర్వాత కలిపితే అడుగు మడ్డి పైకి లేస్తుంది. 'సాదె' అంటే చక్కెర లేకుండా, 'ఓర్తా' అంటే మధ్యస్థంగా, 'షెకెర్లి' అంటే తియ్యగా. వచ్చాక రెండు నిమిషాలు కదపకండి. ముందు పక్కనున్న నీళ్లు ఒక గుక్క, తర్వాత కాఫీ. చివరి వేలెడు మిగల్చండి, అదంతా మడ్డి.

ఏం కొనాలి. ఎండు అంజూరాలు, ఎండు ద్రాక్ష, ఆలివ్ సబ్బు. అన్నిటికంటే నాకు నచ్చేది నీలి దిష్టి పూస. వాళ్లు దాన్ని 'నజర్ బొంజుక్' అంటారు. ఇజ్మీర్ దగ్గరి పల్లెల్లో కొలిమి దగ్గర కూర్చుని గాజు కరిగించి చేసేవి ఉన్నాయి, అచ్చుపోసిన ప్లాస్టిక్‌వీ ఉన్నాయి. అరచేతిలో పెట్టి చూడండి. గాజుది చల్లగా, బరువుగా ఉంటుంది. వెలుగుకు ఎత్తి చూస్తే చిన్న గాలి బుడగలు కనిపిస్తాయి, తెల్లటి కన్ను కాస్త వంకరగా ఉంటుంది. ఆ వంకరే చేతిపనికి గుర్తు.

తూకం సరుకులకు ధర రాసి ఉంటుంది, బేరం ఉండదు. తోలు, తివాచీలు, నగల దగ్గర బేరం ఆడాలి. టీ ఇస్తే తాగండి, టీ తాగినందుకు కొనాలనేమీ లేదు. ఓడ రోజున తివాచీ దుకాణం మేడ మాత్రం ఎక్కకండి. ఒక్కొక్కటీ పరిచి చూపించేసరికి గంట గడిచిపోతుంది, లేచి రావడానికి మొహమాటం అడ్డొస్తుంది.

## 9. శాకాహారుల భోజనం

ఆకలి మీద ఉన్నప్పుడు కాకుండా 12 గంటలకే కూర్చోండి. వీధుల్లో 'ఎస్నాఫ్ లొకాంతసి' అనే వ్యాపారుల భోజనశాలలు వెతకండి. వండినవన్నీ పళ్లాల్లో ఎదురుగా ఉంటాయి, చూసి వేలితో చూపించవచ్చు.

- మాంసం 'ఎత్', కోడి 'తావుక్', చేప 'బలిక్', గుడ్డు 'యుముర్తా', లేదు 'యొక్'. 'ఎత్ యొక్' అని మాత్రమే అంటే కోడి మాంసం వడ్డించే అవకాశం ఉంది. నాలుగూ విడివిడిగా చెప్పండి.
- అన్నం, పప్పు చారు చూడ్డానికి శాకాహారమే. వాటిని మాంసం ఉడికిన నీళ్లతో వండి ఉండవచ్చు. 'ఎత్ సుయు వర్ మి?' అని అడగండి.
- 'జెయ్తిన్యాలి' అన్న వరుసలో ఆలివ్ నూనెతో వండిన చిక్కుడు, వంకాయ, బెండకాయ కూరలు ఉంటాయి. పెరుగు, రొట్టెతో కలిపి హాయిగా తినవచ్చు. కారం చాలకపోతే బల్ల మీద ఎండుమిరప పలుకుల డబ్బా ఉంటుంది.

పొద్దున చేతిలో పట్టుకుని తినడానికి గెవ్రెక్, నువ్వులద్దిన గుండ్రటి రొట్టె. మిగతా టర్కీలో దీన్నే సిమిత్ అంటారు. పొరలు పొరలుగా విడిపోయే బొయోజ్ కూడా ఈ ఊరిదే. తీపి కావాలంటే షాంబాలి, రవ్వతో చేసి పాకంలో నానబెట్టినది.

## 10. వెనక్కి: కొర్దోన్ ఒడ్డు

మధ్యాహ్నం 2:30కల్లా బజారు వదిలి కొనాక్ సముద్రపు ఒడ్డుకు రండి. అక్కడి నుంచి రేవు వైపు సాగే ఒడ్డు బాటే కొర్దోన్. వేసవిలో ఈ వేళకు పడమటి నుంచి 'ఇంబాత్' అనే సముద్రపు గాలి అందుకుంటుంది. పొద్దున ఈ నడకను దాచిపెట్టమన్నది అందుకే.

ఇక్కడి నుంచి మూడు దారులు.

- నడక: రేవు దాకా 3 కిలోమీటర్లు, ఆగుతూ వస్తే గంటంపావు. పచ్చిక మీద కూర్చోవచ్చు. సైకిళ్ల బాటలో నడవకండి, పిల్లల చేయి వదలకండి.
- ఫెర్రీ: కొనాక్ నుంచి అల్సంజక్‌కు నేరుగా వెళ్లే పడవ ఉంటే, నీటి మీద. పడవల వేళలు పొద్దున దిగినప్పుడే చూసి ఉంచుకోండి.
- ట్రామ్: కాళ్లు నొప్పెడితే అల్సంజక్ గార్ (రైల్వే స్టేషన్) వరకు.

నడుస్తూ వస్తే ఓడ కళ్లెదుటే ఉన్నా రేవు కంచె అడ్డంగా ఉంటుంది. ఒడ్డు నుంచి నేరుగా వెళ్లలేరు. ఊరి వైపు తిరిగి, పొద్దున ఫొటో తీసిన గేటుకే రావాలి. దీనికి మరో పావుగంట ఉంచుకోండి.

## 11. దారి తప్పినప్పుడు సరిదిద్దుకోవడం

ఓడ ఆలస్యంగా చేరింది, చేతిలో 5 గంటలే ఉన్నాయి. అసాన్సోర్, అగోరా వదిలేయండి. ట్రామ్‌లో కొనాక్, బజారు, ఒడ్డున నడక. సమయం తగ్గినా రోజు చెడదు.

వానపడుతోంది. అగోరా మానేసి బజారుకు ఎక్కువ సమయం ఇవ్వండి. కప్పు ఉన్న సందులు చాలా ఉన్నాయి. తడిసిన రాళ్ల మీద మాత్రం నిదానంగా నడవండి.

చక్రాల కుర్చీ లేదా బాగా పెద్దవాళ్లు ఉన్నారు. ట్రామ్‌లో కొనాక్ వెళ్లి, కొర్దోన్ మీదుగా వెనక్కి రండి. ఒడ్డంతా చదునుగా ఉంటుంది. బజారులో కూడలికి దగ్గరి వీధుల వరకే వెళ్లండి.

టాక్సీ ఎక్కక తప్పలేదు. మీటరు వేశారో లేదో కూర్చోగానే చూడండి. 'అల్సంజక్ లిమాన్' అని చెప్పి గేటు ఫొటో చూపించండి. సాయంత్రం 5 తర్వాత ఒడ్డు రోడ్డు కిక్కిరిసి ఉంటుంది, అప్పుడు టాక్సీ కంటే ట్రామే ముందు చేరుతుంది.

నిజంగానే ఆలస్యమవుతోంది. ఓడ వాళ్లు ఇచ్చే రోజువారీ కాగితంలో రేవులోని ప్రతినిధి ఫోను నంబరు ఉంటుంది. పొద్దున దిగేముందే దాన్ని కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి, ఎందుకంటే ఆ వేళకు ఫోను చార్జింగ్ అయిపోయి ఉండవచ్చు. ఏ దుకాణంలోనైనా 'అబి, తెలెఫోన్' అని ఆ కాగితం చూపించండి, వాళ్లే కలిపి ఇస్తారు.